రూసగడ్డి దానమ్మ

మా మేనత్త దానమ్మకు చదువు రాదు. కానీ కళ్లు మూసుకుని గుప్పెడు జొన్నలు వాసన చూసి, అవి ఎవరి ఇంటి నుంచి వచ్చాయో చెప్పేసేది. పొయ్యి పొగ పట్టిన గింజైతే యాదవ్వ ఇంటిది, మేకల కొట్టం పక్కన పెట్టిన గింజైతే ఏలియా ఇంటిది. మేడ్చల్ స్టేషన్ వెనక మా వాడలో పిల్లలు ఆమెకు ఇలా పరీక్షలు పెట్టి ఆడుకునేవారు. ఆమె కూడా పొయ్యి మీద కుండ మరిచిపోయి వాళ్లతో ఆడేది. ఈ కథ సగం ఆమె చెప్పింది, సగం ఆమె భర్త యాకోబు మామ చెప్పాడు. మామ రైలు పట్టాల మీద గ్యాంగు పని చేసేవాడు. పట్టాలు సరిచేయడంలో దిట్టే గానీ, మాట మాత్రం తరచూ పట్టా తప్పేది. అందుకే ఆయన చెప్పినదాంట్లో కొంత తగ్గించి రాస్తున్నాను.

మా చర్చి అప్పట్లో మట్టిగోడల మీద తాటాకు కప్పిన పొడుగాటి పాక. వాడలో ప్రతి క్రైస్తవ ఇల్లాలూ పొద్దున వంటకు గింజలు తీసేటప్పుడు ఒక పిడికెడు పక్కన వేసేది. ఆదివారం వాటిని తెచ్చి చర్చిలోని గుమ్మిలో పోసేవారు. వెదురుతో మనిషెత్తు అల్లి, లోపలా బయటా పేడమట్టితో మెత్తిన గుమ్మి అది. ఆ గింజలు మొదట్లో పాస్టరు సాలోమోను అయ్యగారి ఇంటికి వెళ్లేవి. యుద్ధం వచ్చి, సర్కారు లెవీ కింద ధాన్యం తీసుకుపోతుంటే బజారులో గింజ దొరకడం కష్టమైంది. అప్పుడు అయ్యగారే లేచి, తనకు సగం చాలనీ, మిగతాది ఆషాఢ శ్రావణాల్లో పొయ్యి వెలగని ఇళ్లకు ఇవ్వాలనీ చెప్పారు. గుమ్మిని చూసుకునే పని దానమ్మకు అప్పగించారు. ఆమె ముక్కు మీద ఆయనకు అంత నమ్మకం.

1943 ఆషాఢంలో గుమ్మి తెరిచారు. మూత తీయకముందే దానమ్మకు తెలిసిపోయిందట. మాగిన పిండి వాసన వచ్చింది. చెయ్యి పెడితే గింజలు వెచ్చగా ఉన్నాయి. చేటలో పోస్తే జొన్నల కంటే ముందు పెంకుపురుగులు బిలబిలా నడిచి అంచు దిగాయి. పెసలైతే గింజకొక చిల్లు. వేపాకు వేసింది, బూడిద కలిపింది. ఇంట్లో కుండెడు గింజలకు అవి చాలేవి గానీ, అంత పెద్ద గుమ్మికి ఏ మూలకూ రాలేదు.

వచ్చినవాళ్లు ఉన్నదే పట్టుకుపోవడానికి వరుస కట్టారు. తనను తిట్టినా బాగుండేదని దానమ్మ అనేది. వరుసలో ముందు నిలబడ్డది పెంటమ్మ. ఆ ముసలమ్మకు ఎవరూ లేరు. తాను ఒక్క పూటే తింటూ కూడా ఏడాది పొడవునా పిడికెడు మానలేదు. ఆమె జల్లెడ అడిగి తీసుకుని, కూర్చుని, తన వంతు గింజలు జల్లించుకుంది. పొట్టూ పురుగులూ కింద రాలాయి.

"కింద పడ్డది పారెయ్యకు బిడ్డా, ఏలియా కోళ్లకు ఎయ్యి," అని లేచి వెళ్లిపోయింది.

ఆ వారం దానమ్మ పిల్లలతో ఆడలేదు. యాకోబు మామకు భయం వేసిందట, ఇల్లు అంత నిశ్శబ్దంగా ఎన్నడూ లేదని.

మూడోనాడో నాలుగోనాడో స్టేషన్ దగ్గర, ఇందూరు నుంచి వచ్చిన రైలు దిగి, ఒక అత్తరు వ్యాపారి తన పెట్టె మోసుకుంటూ ఆమె పక్క నుంచి వెళ్లాడు. ఆ వాసన తగలగానే దానమ్మకు తన పదో ఏడు గుర్తుకొచ్చింది. వాళ్ల నాయిన, అంటే మా తాత కుర్మయ్య, ఏటా వానలు తగ్గగానే ఇందూరు అడవుల్లో రూసగడ్డి కోయడానికి కూలికి వెళ్లేవాడు. నడుమెత్తు పెరిగి ఎర్రటి పూగుత్తులు వేసే గడ్డి అది. నలిపితే గులాబీ వాసన వస్తుంది. పెద్ద రాగి డేగులలో ఆ గడ్డిని ఉడకబెట్టి, ఆవిరిని చల్లార్చి నూనె తీసేవారు. తల్లి లేని పిల్ల కాబట్టి దానమ్మ కూడా తండ్రి వెంట వెళ్లేది. కూలీల జొన్నల బస్తాలు నూనె సీసాలున్న కొట్టంలోనే ఉండేవి. రొట్టెలకు కాస్త గులాబీ వాసన వచ్చేదని అందరూ గొణిగేవారు. కానీ ఆ బస్తాలలో ఏనాడూ పురుగు కనబడలేదు. అప్పుడు ఎవరూ దాని గురించి ఆలోచించలేదు. ఇప్పుడు స్టేషన్ దగ్గర నిలబడి దానమ్మ ఆలోచించింది.

ఇంటికి రాగానే మామతో చెప్పింది. దూలపల్లి అడవి వాలులలో ఆ గడ్డి ఉంటుందని ఆయనకు తెలుసు. కట్టెలకు వెళ్లినప్పుడు చూశాడు. గడ్డి ఉంటే సరిపోదు, రాగి పాత్ర కావాలి. మా వాడలో రాగి పాత్ర ఉన్న ఇల్లు లేదు.

పటేలు గారి భార్య లక్ష్మీకాంతమ్మ ఇంటి పెరట్లో ఓటిపోయిన రాగి కాగు ఒకటి బోర్లించి ఉండేది. దానమ్మ వెళ్లి గోడ అవతల నిలబడి అడిగింది. లక్ష్మీకాంతమ్మ చేతి నిండా పని ఉన్న మనిషి. ఎందుకని అడిగి, విని, కాసేపు నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, తన ఇంట్లో కందులు కూడా ఏటా సగం పుచ్చిపోతున్నాయని చెప్పింది. నూనె పనిచేస్తే ముందు తనకు చూపించాలన్న షరతు మీద కాగు ఇచ్చింది. యాకోబు మామ దానికి అతుకు వేయించుకొచ్చాడు.

పూత మీదున్న గడ్డిని భాద్రపదం చివర్లో కోసుకొచ్చారు. కాగు అడుగున నీళ్లు, నీళ్లకు పైన వెదురు తడిక, తడిక మీద తరిగిన గడ్డి. దాని మీద ఒక కుండ బోర్లించి, కుండ పక్కన చిల్లు పెట్టి, అందులో వెదురు గొట్టం దూర్చారు. గొట్టం రెండో కొస చల్లటి నీళ్ల తొట్టిలో కూర్చోబెట్టిన సన్నమూతి ముంతలోకి దిగింది. ఆవిరి బయటికి పోకుండా సందులన్నీ మినప్పిండితో మెత్తారు. మొదటిసారి మంట ఎక్కువై పిండి ఊడిపోయింది. రెండోసారి గడ్డి మాడింది. మూడోసారి పొద్దున ముట్టించిన పొయ్యిని సన్నగా సాయంత్రం దాకా నడిపితే, ముంతలో నీళ్ల మీద పలుచటి పసుపురంగు పొర తేలింది. దానమ్మ దాన్ని దూదితో అద్ది సీసాలోకి పిండింది. మూడు వేళ్ల ఎత్తు వచ్చింది. మూడు రోజులు వాడంతా పెండ్లిపందిరిలా వాసన వేసింది. ఎవరింట్లో పెండ్లి అని రైలు దిగినవాళ్లు కూడా అడిగారు.

నూనె వచ్చిందని దానమ్మ వెంటనే గుమ్మిలో పోయలేదు. మూడు కొత్త కుండలలో పెసలు పోసింది. ఒకదాంట్లో వేపాకు వేసింది. ఒకదాంట్లో గింజలకే నూనె కలిపింది. మూడోదాంట్లో నూనెలో తడిపిన గుడ్డపీలికను గింజలకు తగలకుండా మూత కింద వేలాడదీసింది. తర్వాత పాడైన పెసల నుంచి బతికున్న పురుగులను ఏరి తెచ్చి, ఒక్కో కుండలో గుప్పెడేసి వదిలి, మూతలు మట్టితో మూసింది. చూడటానికి వచ్చిన యాదవ్వ నోరు తెరిచి, పురుగులను పోగొట్టమని పని అప్పగిస్తే ఈమె పట్టుకొచ్చి పెంచుతున్నదని అయ్యగారికి చెప్పి వచ్చింది. అయ్యగారు వచ్చి చూసి, నలభై రోజులు ఆగుదామన్నారు. నలభై అనే లెక్క ఆయనకు బైబిలు వాక్యంలో నుంచి వచ్చింది.

నలభై రోజుల తర్వాత వేపాకు కుండలో సగం గింజలు పుచ్చాయి. మిగతా రెండింట్లో పురుగులు చచ్చి అడుగున నల్లగా పడి ఉన్నాయి. నూనె కలిపిన పెసలను దానమ్మ ఆ పూటే కడిగి వండింది. యాకోబు మామ ఒక ముద్ద పెట్టుకుని, చాలాసేపు నమిలి, మర్యాదగా మింగాడు.

"ఎట్లున్నది?" అని అడిగింది దానమ్మ.

"పప్పు తిన్నట్టు లేదు. పెండ్లికొడుకు రుమాలు నమిలినట్టున్నది."

గుడ్డ వేలాడదీసిన కుండలోని పెసలు మాత్రం ఒక పూట ఎండలో ఆరబోస్తే వాసన పోయి, ఉత్త పెసల్లా ఉడికాయి. దారి దొరికింది. గింజను ముందు బాగా ఎండబెట్టాలి, నూనె గింజకు తగలకూడదు, గాలి దూరకుండా మూయాలి, నెలకోసారి గుడ్డకు మళ్లీ నూనె పట్టించాలి. ఇక గుమ్మికి సరిపడా నూనె తీయడమే మిగిలింది. గడ్డి ఎండిపోకముందే దానమ్మ మళ్లీ కాగు ఎక్కించింది.

ఈసారి పొగ చూసి మైసయ్య వచ్చాడు. దొంగసారా బట్టీలు పట్టుకునే ఆబ్కారీ జవాను అతను. కాగు, గొట్టం, నీళ్లలో ముంత. సారా బట్టీకీ దీనికీ తేడా చెప్పడం ఎవరికైనా కష్టమే. దానమ్మ పురుగుల కోసం తీసే నూనె అని చెప్పింది.

"పురుగుల నెత్తికి రాస్తవా?" అన్నాడు మైసయ్య. "ఇరువై బట్టీలు పలగ్గొట్టిన నేను. నాకు జెప్తున్నవా?"

సీసా మూత తీసి వాసన చూశాడు. గులాబీ వాసన వేసేసరికి, ఇది మామూలు సారా కాదు, షాదీలకు తీసే ఖరీదైన సరుకని తేల్చేసుకున్నాడు. రుచి చూస్తే తెలిసిపోతుందని సీసా ఎత్తాడు.

"నోట్లె పోసుకోకు జవాన్ సాబ్, మండుతది," అంది దానమ్మ.

అతను వినలేదు. ఒక్క గుక్క పట్టాడో లేదో, కళ్లల్లో నీళ్లు కారాయి, ముఖం కుంకుమలా అయింది. వెంటనే ఉమ్మేసి, దానమ్మ ఇచ్చిన మజ్జిగ చెంబెడు పుక్కిలించి, చెంబెడు తాగాడు. అయినా డ్యూటీ డ్యూటీయే. సీసా, ముంత, గొట్టం పట్టుకుని ఆమెను పైఅధికారి దగ్గరకు నడిపించాడు. కాగు దానమ్మ నెత్తి మీద ఉంది. వెనక యాకోబు మామ, ఆయన వెనక అయ్యగారు, ఆయన వెనక సగం వాడ. దారిలో మైసయ్య తేన్పు వచ్చినప్పుడల్లా గులాబీ వాసన వచ్చేదని మామ అనేవాడు. అది నిజమో కాదో నాకు తెలియదు.

ఆ అధికారి కళ్లద్దాలు పెట్టుకున్న పెద్దాయన. సీసాను వెలుతురుకు ఎత్తి చూసి, తిప్పి చూసి, తెలుగులోనే అడిగారు.

"నిజం చెప్పమ్మా. గిది ఎవరన్న తాగుతరా?"

"మీ జవాను తప్ప ఇంకెవ్వలు తాగలే, సర్కార్."

అక్కడ ఉన్న గుమాస్తాలు తల వంచుకున్నారు. పెద్దాయన మీసం కదిలింది. కానీ నవ్వి వదిలేస్తే పని జరగదు కదా. నూనె అని రుజువేమిటని అడిగారు. అయ్యగారు ఏదో చెప్పబోతుంటే దానమ్మే ముందుకు వచ్చింది. భయం లేదా అని తర్వాత నేను అడిగాను. భయమే గానీ, సీసా పోతే గుమ్మి మళ్లీ పురుగుల పాలవుతుందన్న భయం ఇంకా పెద్దదని చెప్పింది.

"ఒక్క చెంబు నీళ్లు తెప్పియ్యుండ్రి. సారా అయితే నీళ్లల్ల కలుస్తది. నూనె అయితే తేలుతది."

చెంబు వచ్చింది. పెద్దాయన తానే సీసా వంచి నాలుగు చుక్కలు వేశారు. నాలుగు చుక్కలూ పసుపురంగు కళ్లలా పైకి తేలి నిలబడ్డాయి. వేలితో కలిపినా మళ్లీ తేలాయి. ఆయన అద్దాలు తీసి తుడుచుకుని, అప్పుడు నవ్వారు. సీసా తిరిగి ఇస్తూ, ఇక మీద బట్టీ పెట్టేముందు ఒక మాట కబురు చేయమని మాత్రం చెప్పారు. తిరుగు దారిలో కాగు మైసయ్య నెత్తి మీద ఉంది. మరుసటి వారం వాళ్ల అమ్మ శనగల కుండతో దానమ్మ ఇంటికి వచ్చింది.

మాఘంలో కందులు ఇంటికి చేరాక లక్ష్మీకాంతమ్మ కబురు పంపింది. దానమ్మ నూనె సీసాతో వెళ్లింది. లక్ష్మీకాంతమ్మ అత్త నర్సమ్మ వసారాలో కూర్చుని ఉంది. వాడ మనిషి గింజల దగ్గరకు రాకూడదని ఆమె ముందే చెప్పింది. అందుకని దానమ్మ గోడ బయట నిలబడి చెప్పాలి, లక్ష్మీకాంతమ్మ లోపల చేయాలి. దానమ్మకు అది కొత్త కాదు. బాధ లేదని కాదు, ఆ రోజు పని ముఖ్యమనుకుంది.

కానీ పని అలా సాగలేదు. గుడ్డ తడపమంటే లక్ష్మీకాంతమ్మకు గింజలు తడపమని వినబడింది. మూత కింద కట్టమంటే అడుగున పెట్టింది. మూడుసార్లు తీసి మూడుసార్లు పెట్టారు. చివరికి దానమ్మ ఎండ చాలిందో లేదో చూడటానికి గుప్పెడు కందులు గోడ మీద పెట్టించుకుని, వాసన చూసి, ఇంకా తడి ఉందని, అలాగే మూస్తే నూనె ఎంత పెట్టినా బూజు పడుతుందని చెప్పింది. ఆ కందులు ఎండాయని నర్సమ్మే ముందురోజు చెప్పి లోపల పోయించింది.

లక్ష్మీకాంతమ్మ కాసేపు అత్తను చూసి, కాసేపు గోడను చూసి, వెళ్లి పెరటి తలుపు తీసింది.

"నా గొంతు పోయింది దానమ్మా. నువ్వే లోపలికొచ్చి చూడు."

నర్సమ్మ అటు తిరిగి కూర్చుంది. దానమ్మ లోపలికి వెళ్లి, కందులను రెండు రోజులు ఎండబోయించి, మూడోనాడు తన చేత్తోనే మూడు పీలికలు వేలాడదీసి గుమ్మి మూసింది. ఆ ఏడు ఆ ఇంట్లో పప్పుకు ఏరే పని లేకుండా పోయింది. నర్సమ్మ రెండోసారి వడ్డించుకుని తిన్నదట.

1944 ఆషాఢం వచ్చింది. వానలు ఆలస్యమై పనులు లేక వాడలో ఐదారు ఇళ్లు గుమ్మి వైపే చూస్తున్నాయి. ఆదివారం ప్రార్థన అయ్యాక అయ్యగారు దానమ్మను పిలిచారు. ఆమె రాత్రంతా నిద్ర పోలేదని మామ అందరితో చెప్పేశాడు. నెలకోసారి ఆ నెల గింజలు పోసి, గుడ్డకు నూనె పట్టించి మూసిన మట్టి కొట్టి మూత తీశారు. సన్నగా గడ్డి వాసన, ఎండుగింజ వాసన. వేరే ఏమీ లేదు. దానమ్మ చెయ్యి పెట్టలేదు. పెంటమ్మను ముందుకు రమ్మంది.

ముసలమ్మ మోచేతి దాకా చెయ్యి దించి, ఒక పిడికిలి తీసి, చేటలో వదిలింది. జొన్నలు గులకరాళ్లలా గలగలమన్నాయి. పెంటమ్మ కళ్లు సరిగా కనబడవు కాబట్టి చేటలో వేళ్లు తిప్పి తిప్పి పురుగు కోసం వెతికింది. వాడంతా ఊపిరి బిగబట్టి ఆ వేళ్లను చూసింది.

"సల్లగున్నయి బిడ్డా," అంది చివరికి. "గట్టిగున్నయి."

ఆ మాటకు దానమ్మ పకపకా నవ్వింది. నవ్వుతుంటేనే కళ్లు కారాయి. అయ్యగారు పాట ఎత్తుకోబోయి, ఆ నవ్వు ఆగేలా లేదని ముందు గింజలు పంచేయమన్నారు. శ్రావణం దాటేదాకా ఆ గుమ్మి తొమ్మిది ఇళ్లకు అన్నం పెట్టింది. అందులో మూడు ఇళ్లు చర్చివి కావు.

అప్పటి నుంచి ఆమె పేరు రూసగడ్డి దానమ్మ అయింది. గుండ్లపోచంపల్లి నుంచి, నాగారం నుంచి ఆడవాళ్లు ఎండిన గింజలు కొంగున కట్టుకుని వచ్చేవారు. ఆమె వాసన చూసి, ఇంకో ఎండ కావాలనో, ఇగ మూయొచ్చనో చెప్పేది. నూనె అడిగితే సీసా ఇచ్చేది కాదు. వాళ్లనే దూలపల్లి వాలుకు తీసుకెళ్లి గడ్డి కోయించి, పొయ్యి ముందు సాయంత్రం దాకా కూర్చోబెట్టి తీయించేది. చేతికిస్తే సీసాతో పాటే అయిపోతుందని, నేర్పితే ఏటా ఉంటుందని ఆమె లెక్క.

1949లో శామీర్‌పేటలో చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లందరినీ పిలిచి చర్చి కూటం పెట్టారు. గింజలు దాచే పద్ధతి దానమ్మ చెప్పాలన్నారు. అంతమంది ముందు ఆమె ఎన్నడూ మాట్లాడలేదు. లేచి నిలబడి, ముందు వరుసలో కూర్చున్న వజ్రమ్మ అనే ఆవిడ కొంగు ముడి చూసి, అందులో ఉన్నవి పెసలేనా అని అడిగింది. అవునంటే విప్పించి, వాసన చూసి, పొయ్యికి ఎడమ పక్క అటక మీద పెట్టారు కదా అంది. వజ్రమ్మ నిర్ఘాంతపోయింది. కూటం అంతా కొంగు ముడులు విప్పడం మొదలుపెట్టింది. పొద్దున మొదలైన మాట మిట్టమధ్యాహ్నానికి గానీ ఆగలేదు. మధ్యలో వాక్యం చెప్పాల్సిన పెద్దాయన తన వంతు కోసం ఎదురుచూసి, చివరికి తన ఇంటి వడ్ల సంగతి కూడా అడిగి కూర్చున్నారు.

వెళ్లేటప్పుడు శామీర్‌పేట ఆడవాళ్లు ఆమెకు ఒక గంప నిండా సీతాఫలాలు ఇచ్చారు. యాకోబు మామ గంప ఎత్తుకున్నాడు. చెరువు కట్ట మీదికి రాగానే బరువుగా ఉందని దించాడు. ఒకటి తింటే కాస్త తేలికవుతుందన్నాడు. దానమ్మ పక్కన కూర్చుని, అయితే రెండు తిందామంది. నీళ్ల మీద నుంచి గాలి వస్తుంటే, గింజలు నీళ్లల్లోకి ఎవరు ఎక్కువ దూరం ఉమ్ముతారో పందెం వేసుకుంటూ, ఎండ వాలేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. మేడ్చల్ చేరేసరికి గంపలో ఆకులు మాత్రమే ఉన్నాయి. పందెం తానే గెలిచానని ఇద్దరూ నాకు విడివిడిగా చెప్పారు.